సరిహద్దు దాటితే జీపు ఆగదు తమ్ముడూ: ఇద్దరు స్నేహితుల కథకి ఒక పాత ప్లీడరు జవాబు

తమ్ముడూ, నీ కథ రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు కథేంటో రెండు ముక్కల్లో చెప్తాను. ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఇద్దరు స్నేహితులు. ఒకడి చెల్లెలి చావుకి కారణమైన గంజాయి ముఠా కోర్టులో శిక్ష తప్పించుకుని బయటపడుతుంది. దాంతో ఆ అన్న, అదే హీరో, ముఠాలో నలుగురినీ ఒక్కొక్కణ్ని వేటాడి చంపుతాడు. రెండోవాడు ఆంధ్రా పోలీసులో ఎస్సై. ఇంటర్వెల్ దగ్గర హీరో పాతపట్నం నుంచి బండి మీద ఒడిశాలోకి దూకేస్తాడు, వెనకాల వస్తున్న జీపు సరిహద్దు బోర్డు దగ్గర కీచుమని ఆగుతుంది, స్నేహితుడు దిగి టోపీ తీసి చూస్తుంటాడు. చివర్లో హీరోకి తగలాల్సిన తూటా అతను తీసుకుంటాడు. నువ్వడిగినవి మూడు: సరిహద్దు సీను నమ్మేలా ఉందా, స్నేహితుడు హీరోని పట్టివ్వాలా వద్దా, హీరోకి శిక్ష పడితే జనం ఒప్పుకుంటారా.

నేను సినిమావాణ్ని కాను. 34 ఏళ్లు ఈ సరిహద్దు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసిన ప్లీడర్ని. సినిమా పిచ్చి మాత్రం బాగా ఉంది, మా ఆవిడ్ని అడిగితే చెప్తుంది.

మొదటిదానికి జవాబు చిన్నది. జీపు ఆగదు. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉన్న కేసులో పోలీసు నిందితుణ్ని దేశంలో ఎక్కడికైనా వెంటాడి వెళ్లొచ్చు. ఇది బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న మాటే. పట్టుకున్నాక మాత్రం దగ్గర్లో ఉన్న మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, ట్రాన్సిట్ రిమాండు తీసుకుని తన రాష్ట్రానికి తెచ్చుకోవాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటుకి చూపించాలి. మా ఊళ్లో సగం పెళ్లిళ్లు పాతపట్నం, టెక్కలి, పలాస సంబంధాలే. సరుకులకి అటూ ఇటూ తిరిగే జనానికి సరిహద్దంటే రోడ్డు పక్క బోర్డు మీద లిపి మారడం, అంతే. మావాళ్ల ముందు ఆ జీపు బ్రేకు కొడితే హాల్లో నవ్వుతారు.

సరిహద్దు మీద నిజంగా సీను కావాలంటే ట్రాన్సిట్ రిమాండే ఉంది కదా. ఎస్సై ఒడిశాలోకి వచ్చి స్నేహితుణ్ని పట్టుకున్నాడు. ఇప్పుడు ఒడియా మాత్రమే వచ్చిన మేజిస్ట్రేటు ముందు కాగితాలు పెట్టాలి. రాత్రంతా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి, ఒకడి చేతికి బేడీ. ఇద్దరూ చిన్నప్పుడు తిన్న బడ్డీ కొట్టు ఎదురుగానే ఉంది. ఛేజింగ్ కంటే అది గట్టి సీను అవుతుందని నా అభిప్రాయం. ఇంకా కావాలంటే కొటియా చూడు. కొరాపుట్ జిల్లాకీ సాలూరుకీ మధ్య 21 ఊళ్లు, మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్నాయి. అక్కడ రెండు వైపుల కార్డులూ ఉన్న మనుషులున్నారు. పరారీలో ఉన్నవాడు తలదాచుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏ ఆర్ట్ డైరెక్టరూ కట్టలేడు. కానీ సవర, జాతాపు గిరిజనుల్ని వెనకాల డప్పు కొట్టడానికి మాత్రం నిలబెట్టకు, నీ పుణ్యముంటుంది.

గంజాయి సంగతి ఒక్క మాట. నీ విలన్ 50 కేజీలతో దొరికి మర్నాడు పొద్దున్నే బెయిలు మీద నవ్వుతూ బయటికొస్తాడు. జరగని పని. గంజాయి 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది. కనీస శిక్ష పదేళ్లు. పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు ప్లీడరు, అడ్డం చెప్పినప్పుడు, ఇతను తప్పు చేసి ఉండడని నమ్మడానికి కారణం కనిపిస్తేనే జడ్జి బెయిలివ్వాలి. అందుకే మోహన, ఆర్. ఉదయగిరి కొండల నుంచి మోస్తూ దొరికే కూలి కుర్రాళ్లు ఏళ్ల తరబడి లోపలే ఉంటారు. మోయించినవాడి పేరు చార్జిషీటులోకే రాదు. నీ హీరో కోపానికి అసలు కారణం అక్కడుంది. ‘చట్టం వదిలేసింది’ అన్న డైలాగుకి బదులు, చట్టం ఎవణ్ని పట్టుకుందో చూపించు.

కేసులు పోయేది కూడా సినిమాల్లోలాగ జడ్జికి సూట్‌కేసు ఇచ్చి కాదు. సాక్షి ఎదురు తిరుగుతాడు, మేం హోస్టైల్ అంటాం. ఎనిమిదేళ్లకి బోనెక్కినవాడు ‘చీకట్లో కనపడలేదు బాబూ’ అంటాడు. అంతే, కేసు కొట్టేసినట్టే. 1967 అక్టోబరు 31న మనకి ఆనుకునే ఉన్న పార్వతీపురం ఏజెన్సీలో, లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు తుపాకులు పేల్చారు, ఇద్దరు చనిపోయారు. ఆ కేసులో ముద్దాయిలు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత ఆ కొండల్లో ఏం జరిగిందో శ్రీకాకుళం జిల్లాలో ముసలివాళ్లెవరిని అడిగినా చెప్తారు. ఆ శ్రీకాకుళం గిరిజన పోరాటానికి ముందు నడిచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. 1970 జూలైలో ఇద్దరూ ఒకే చోట పోయారు. వాళ్ల దారి ఒప్పా తప్పా అన్నది వేరే తగువు. కానీ ‘కోర్టు వదిలేస్తే ఏం చెయ్యాలి’ అన్నది ఇక్కడ ఎవరో రైటరు కూర్చుని పుట్టించిన ప్రశ్న కాదు, అది తెలుసుకుని రాయి.

ఇంకోవైపు కూడా తెలిసుండాలి. మా గజపతి, రాయగడ జిల్లాల్లో జనం చట్టాన్ని చేతిలోకి తీసుకున్న కేసులు నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ ఏవనుకున్నావు? చిల్లంగి కేసులు, అంటే చేతబడి చేసిందన్న అనుమానంతో చంపడం. ఊళ్లో పిల్లకి జ్వరమొచ్చి చచ్చిపోతుంది, ఒక ముసలమ్మ మీద అనుమానం. రాత్రి మీటింగు పెడతారు, తెల్లారేసరికి ముసలమ్మ ఉండదు. ఒడిశా ప్రభుత్వం 2013లో దీనికి ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. ఆ ముద్దాయిలతో జైల్లో మాట్లాడినప్పుడు ఒక్కడు కూడా నేను తప్పు చేశానని అనలేదు. అందరూ నీ హీరో మాట్లాడినట్టే మాట్లాడారు, న్యాయం చేశాం అని. అది విన్నాక నాకు నీ హీరో డైలాగులు ఒంటపట్టడం కొంచెం కష్టమైంది. కనీసం ఒక్క హత్యలోనైనా వాడు తప్పు మనిషిని పట్టుకున్నాడేమో అన్న అనుమానం స్నేహితుడికి రావాలి. వాడికి కాదు, స్నేహితుడికి.

చంపడాల గురించి ఇంక ఎక్కువ చెప్పను. ఆత్మరక్షణ అంటూ నువ్వు రాసిన కోర్టు వాదన నిలవదు. ప్రమాదం ఉన్నంతసేపే ఆ హక్కు. ప్రమాదం పోయాక చేస్తే అది పగ. హఠాత్తుగా రెచ్చిపోయాడు అనడానికీ లేదు. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ ఆఫీసరు భార్య ప్రియుణ్ని కాల్చి చంపితే జనం వీరుడన్నారు, జ్యూరీ కూడా నిర్దోషే అంది. సుప్రీంకోర్టు మాత్రం గడియారం చూసింది. ఇంటి దగ్గర బయలుదేరింది ఒంటిగంటన్నరకి, కాల్చింది 4.20కి, కోపం చల్లారడానికి ఆ టైము చాలు పొమ్మంది. నీ వాడు మూడు నెలలు జిమ్ చేసి మరీ వెళ్తున్నాడాయె.

ఇప్పుడు అసలు విషయం, స్నేహితుడు.

హత్య చేసినవాడని తెలిసి, శిక్ష తప్పించాలని దాస్తే అది నేరం. పాత శిక్షాస్మృతిలో 212 సెక్షను. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 249. హత్య కేసయితే అయిదేళ్ల దాకా పడొచ్చు. దాచడమంటే అటక మీద పడుకోబెట్టడమే కాదు. అన్నం పెట్టినా, నీళ్లిచ్చినా, బట్టలు, డబ్బులు ఇచ్చినా, బండి ఎక్కించినా దాచడం కిందికే వస్తుంది. అయితే ఆ సెక్షను అడుగున ఒక మినహాయింపు ఉంది. దాచింది భర్తో భార్యో అయితే వర్తించదు. ఆ మినహాయింపులో తల్లి లేదు, తమ్ముడు లేడు, స్నేహితుడు అసలే లేడు.

దీన్ని పట్టుకో. ఇదే నీ ఇంటర్వెల్. ఎస్సై పాత్ర తీసెయ్, పోలీసు స్నేహితుణ్ని జనం చాలా చూసేశారు. స్నేహితుణ్ని మామూలు మనిషిని చెయ్యి, మెడికల్ షాపువాడో ఆటోవాడో. హీరోకి పెళ్లయింది. ఆ రాత్రి నెత్తుటి చొక్కాతో స్నేహితుడి ఇంటికొచ్చాడు, భార్య కూడా అక్కడికే చేరింది. ఇద్దరూ కలిసి ఆ ఒక్క రాత్రి దాచారు. పొద్దున్న పోలీసులొచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లారు. సాయంత్రానికి దాచిన కేసులో నుంచి భార్య బయటికొచ్చింది, స్నేహితుడు ముద్దాయిగా మిగిలాడు. ఇద్దరూ చేసింది ఒకటే పని. ఆవిడ స్టేషను మెట్లు దిగుతూ వెనక్కి చూసే చూపులో నువ్వు రాసుకున్న ఆరు పేజీల స్నేహం డైలాగులన్నీ వచ్చేస్తాయి.

దానికి ముందు సీను కూడా చట్టంలోనే ఉంది. ‘తెలిసి’ దాస్తేనే నేరం, లేదా వీడే చేశాడని నమ్మడానికి తగిన కారణం ఉంటే. అంటే వచ్చినవాడు నోరు విప్పి చెప్పకపోతే స్నేహితుడికి కొంత అడ్డం ఉంటుంది. హీరోకి చెప్పేసుకోవాలని ఉంది, గుండె బరువుగా ఉంది. స్నేహితుడు కంచం ముందుకి తోసి, ‘ఏటీ సెప్పకొరే. ముందు తిను’ అంటాడు. మొదటిసారి చూసినవాడికి అది ప్రేమ. కోర్టు సీను చూశాక అది తెలివి. రెండింట్లో ఏదో నువ్వు తేల్చి చెప్పకు.

పట్టివ్వాలా వద్దా అనడిగావు కదా. నేను చూసిందొకటి చెప్తాను. పేర్లు, వీధి చెప్పను.

గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయి (1992లో) ఇంకా ఎక్కువ కాలం కాలేదు, నౌపడా నుంచి గుణుపురం దాకా నారో గేజ్ బండి నడుస్తున్న రోజులు. నేను జూనియర్ని, మా సీనియరు గారు ముద్దాయి తరఫున. ఒక సైకిల్ షాపతను రోజువారీ వడ్డీకి అప్పు తీసుకున్నాడు. వసూలుకొచ్చినవాడు షాపు ముందు నిలబడి అతని తల్లిని పట్టుకుని అనరాని మాటన్నాడు. పక్కనే ఉన్న స్నేహితుడు షాపులో ఉన్న సైకిల్ పంపు తీసుకుని నాలుగు వాయించాడు. వాడు లేచి నడిచే వెళ్లాడు. రెండో రోజు ఆస్పత్రిలో పోయాడు. తలలో రక్తం గడ్డకట్టిందని పోస్టుమార్టంలో వచ్చింది. 302, అంటే హత్య సెక్షను కట్టారు.

కొట్టినవాణ్ని సైకిల్ షాపతను నాలుగు రాత్రులు అటక మీద దాచాడు. ఎలా దొరికాడో తెలుసా? కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో. సైకిల్ షాపతనికి బీడీ అలవాటు లేదు. ఆ నాలుగు రోజులూ అతని పేరు కింద రోజుకో బీడీ కట్ట రాసుంది, బెల్లం, కందిపప్పు మధ్యలో, నీలం సిరాతో. ఆ పుస్తకం నేను కోర్టులో పట్టుకుని చూశాను. మూడో రోజు పద్దులో బీడీలతో పాటు అగ్గిపెట్టె కూడా ఉంది.

పోలీసులు సైకిల్ షాపతనికి రెండు దారులు చూపించారు. ముద్దాయిగా పక్కన నిలబడతావా, సాక్షిగా ఎదురుగా నిలబడతావా అని. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. సాక్షిగా ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఊళ్లో అతని షాపులో గాలి కొట్టించుకునేవాడు లేడు.

విచారణ రోజున బోనులో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. జడ్జిగారు ఒడియా ఆయన, తెలుగు రాదు. బెంచి క్లర్కు ఒక్కో వాక్యమూ ఒడియాలోకి మార్చి చెప్తున్నాడు. సాక్షి అన్న మాట ఇది: ‘కోపంలో నాలుగేసేసినాడండి.’ క్లర్కు కూడా సినిమాలు చూసేవాడే, ఏసేసినాడంటే లేపేశాడని అనుకున్నాడు కాబోలు, ‘మారిదెలా’ అన్నాడు. ఆ ఒడియా మాటకి అక్కడ అందరికీ తోచే అర్థం చంపేశాడని. జడ్జిగారు రాయించబోతున్నారు. అప్పటిదాకా తల వంచుకుని చెప్తున్నవాడు ఒక్కసారి బోను కమ్మీ పట్టుకుని ముందుకొచ్చాడు. ‘బాబూ, బాబూ, మారిదెలా కాదండి. పిటిలా. పిటిలా అని రాయండి. సంపేద్దారని కాదండి, నాలుగేసి వొగ్గేద్దారనే.’ పిటిలా అంటే కొట్టాడు అని. పీపీ గారు లేచి అభ్యంతరం చెప్పారు, సాక్షి అనువాదం చేసుకోవడమేంటని. జడ్జిగారు సాక్షిని మళ్లీ మళ్లీ అడిగి, ఆ మాటే రాయించారు.

చంపాలని కొట్టడానికీ, చావొచ్చని తెలిసినా చంపాలన్న ఉద్దేశం లేకుండా కొట్టడానికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. 302 పోయి 304 రెండో భాగం కింద ఏడేళ్లు పడింది. ఆయుధం దొరికింది పట్టుకున్నదే, ముందు పథకం లేదు, లాంటివి కూడా తీర్పులో ఉన్నాయి. కానీ మా సీనియరు గారు చివరిదాకా ఒకటే అనేవారు, ఆ కేసు నేను గెలవలేదురా, పీపీ సాక్షి గెలిచాడు అని.

నువ్వే చెప్పు, అతను స్నేహితుణ్ని పట్టిచ్చాడా, కాపాడాడా? ముద్దాయికి మాత్రం చాలాకాలం పట్టిచ్చినట్టే అనిపించింది. మొదటి ఏడాది ములాఖత్‌కి వెళ్తే లోపలి నుంచి కబురొచ్చేది, నేను రాను పొమ్మను అని. ఇతను తెచ్చిన బీడీ కట్ట గేటు దగ్గర ఎవరికో ఇచ్చేసి బస్సెక్కేవాడు. తర్వాత కలిశారో లేదో నాకు తెలుసు గానీ, నీ సినిమాకి అది నువ్వే రాసుకోవాలి.

అందుకే తూటాకి అడ్డం పడే క్లైమాక్సు నాకు ఎక్కలేదు. తూటాకి అడ్డం పడటం ఒక్క క్షణం పని, ఆలోచించే టైము కూడా ఉండదు. బోనెక్కి నిజం చెప్పి, ఆ నిజంలోనే స్నేహితుడికి చోటు వెతకడం రెండేళ్ల పని. నీ కథలో స్నేహితుణ్ని అప్రూవర్ చేస్తే ఇంకా బిగుస్తుంది. కోర్టు క్షమాభిక్ష పెడుతుంది, ఉన్నదంతా చెప్పాలి, ఒక్కటి దాచినా క్షమాభిక్ష పోయి మళ్లీ ముద్దాయి అవుతాడు. అయితే దాచినవాడు అప్రూవర్ కాలేడని వాదించే ప్లీడర్లుంటారు. నేనైనా వాదిస్తాను. కాబట్టి కనీసం ఒక హత్యలో అతని చెయ్యి కూడా ఉండాలి, బండి నడిపినట్టో, దారి చూపినట్టో. పైగా అప్రూవరు మాటని కోర్టు ఊరికే నమ్మదు, వేరే ఆధారం కావాలి. అప్పుడు ఖాతా పుస్తకంలాంటి చిన్న వస్తువొకటి ఉపయోగపడుతుంది. కావాలంటే బీడీల సంగతి వాడుకో, నాకేం అభ్యంతరం లేదు.

మూడోది, శిక్ష పడితే జనం ఒప్పుకుంటారా. తమిళంలో ఇలాంటి కథకి చివర హీరోని ఉరి తీశారు. అదే కథ 2003లో చిరంజీవి గారితో ‘ఠాగూర్’గా వచ్చినప్పుడు ఉరి లేదు, జైలు శిక్షతో సరిపెట్టారు. మనవాళ్లు హీరో చావడం ఒప్పుకోరు గానీ జైలుకెళ్లడం ఒప్పుకుంటారు, అదీ తలెత్తుకుని వెళ్తే. నలుగుర్ని చంపినవాడికి ఏడేళ్లతో సరిపెట్టలేవు, యావజ్జీవం రాయి. నలుగురు ఎక్కువనిపిస్తే ఒకణ్నే చంపించు. ఒక హత్య పూర్తిగా చూపిస్తే నాలుగు ఫైట్ల కంటే బరువుంటుంది. ఫైట్ మాస్టరు అలుగుతాడేమో చూసుకో.

మాటల గురించి చిన్న గొడవ. నీ పర్లాకిమిడి కుర్రాళ్లు బంజారాహిల్స్ తెలుగు మాట్లాడుతున్నారు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరయ్యా ఇది. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన మనిషి, జనం మాట్లాడే తెలుగే రాయండని జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆ ఊళ్లో హీరో ‘ఏంట్రా, ఎక్కడికి వెళ్తున్నావ్’ అంటే ఎలా? ‘ఏటిరా, యెటెల్తన్నావ్’ అనాలి. మధ్యలో ఒడియా మాట దొర్లాలి, అది కూడా అతికించినట్టు కాకుండా. కోపమొస్తే ఒక భాష, అప్పు అడిగితే ఇంకో భాష, మావాళ్లంతే.

కోర్టు సీన్లలో దిద్దాల్సినవి చాలా ఉన్నాయి, 40 నుంచి 60 దాకా పేజీలు ఇంకోసారి పంపు, పెన్సిల్‌తో గీసిస్తాను. ఈలోపు రెండు మాత్రం ఇప్పుడే మార్చు. సాక్షి చేత భగవద్గీత మీద చెయ్యి వేయించకు, మన కోర్టుల్లో ఏ గ్రంథం మీదా ప్రమాణం చేయించరు, దేవుడి సాక్షిగానో మనస్సాక్షిగానో అనిపిస్తారు, అంతే. జడ్జిగారి చేతిలో ఆ కర్ర సుత్తి తీసెయ్. 34 ఏళ్లలో నేను ఒక్క బెంచి మీద కూడా సుత్తి చూడలేదు. మా జడ్జిగారికి కోపమొస్తే కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టేవారు. హాలంతా గప్‌చుప్.